144 గజాల లాన్‌కి నేలలోపలి స్ప్రింక్లర్లు: స్ప్రే, రోటర్, రోటేటర్లలో మన ఇళ్ళకి ఏది కుదురుతుంది

లాన్‌కి స్ప్రింక్లర్లు కావాలని దుకాణానికి వెళ్తే ముందు హెడ్లు, అంటే నీళ్ళు చిమ్మే తలలు, తీసి చూపిస్తారు. కొనేవాళ్ళు కూడా బ్రాండు గురించే బేరమాడతారు. అసలు లెక్క మాత్రం పంపు దగ్గర మొదలవ్వాలి. మన ఇళ్ళలో నీళ్ళు సంపులోనో, మేడ మీద ట్యాంకులోనో ఉంటాయి. ఈ హెడ్లన్నీ తయారైంది నల్లాలోనే మూడు నాలుగు బార్ల ప్రెషర్ వచ్చే ఊళ్ళ కోసం. ఆ తేడా పట్టించుకోకుండా బిగించిన సిస్టమ్ మొదటి ఎండాకాలంలోనే మూలనపడుతుంది, మళ్ళీ రబ్బరు పైపు బయటికి వస్తుంది.

పోలికకి 36 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు ఉన్న లాన్ తీసుకుందాం. అంటే 144 గజాలు, మీటర్లలో 11 × 11. హైదరాబాదు శివార్ల విల్లాల్లో కాస్త పెద్ద ఇంటికి వెనకాల ఉండే కొలతే.

మేడ మీద ట్యాంకు సంగతి ముందే తేల్చేద్దాం. 10 మీటర్ల ఎత్తు నీళ్ళు ఇచ్చేది సుమారు 1 బార్. రెండంతస్తుల ఇంటి ట్యాంకు నుంచి నేల మీదికి వచ్చేది 0.8 బార్, మహా అయితే 1 బార్. నీళ్ళు రాగానే నేలలోంచి పైకి లేచే పాప్-అప్ స్ప్రేకి నాజిల్ దగ్గర 2.1 బార్లు కావాలి, రోటేటర్ నాజిల్‌కి 2.8. ఇంకో తిరకాసు వాల్వులది. హంటర్ కంపెనీ పీజీవీ లాంటి, కరెంటు సిగ్నలుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వులకి కంపెనీ చెప్పే కనీస ప్రెషర్ 1.4 బార్. లోపలి డయాఫ్రమ్‌ని, అంటే రబ్బరు పొరని, మూసేది నీటి ప్రెషరే కాబట్టి, ట్యాంకు లైను మీద పెడితే ఆ వాల్వు తెరుచుకున్నాక సరిగ్గా మూసుకోదు. వాల్వు పాడైందని మార్చేవాళ్ళు చాలామంది. కొత్తదీ అలాగే కారుతుంది. కాబట్టి పంపు తప్పదు. ఆ పంపు కూడా సంపు నుంచే తోడాలి. జలమండలి నల్లా లైనుకి నేరుగా మోటారు బిగించడం నిషేధం, అది గుర్తుంచుకోండి.

ఇక హెడ్లు. మార్కెట్లో ఇంటి లాన్‌కి దొరికేవి మూడు రకాలు: నాజిల్ కదలకుండా విసనకర్రలా చిమ్మే స్ప్రే, ఒకే ధారతో మెల్లగా తిరిగే గేర్ రోటర్, సన్నటి ధారలు అన్నీ కలిసి తిరిగే రోటేటర్ నాజిల్. నాలుగోది కూడా ఒకటి ఉంది. అనంతపురం వేరుశనగ చేలల్లో టిక్కుటిక్కుమంటూ తిరిగే ఇంపాక్ట్ స్ప్రింక్లర్. రెయిన్ బర్డ్ కంపెనీ 1933లో కాలిఫోర్నియాలో మొదలైంది దానితోనే. డ్రిప్ పరికరాల దుకాణాల్లో లాన్‌కి కూడా దాన్నే అంటగట్టబోతారు. చేనుకి అది మంచిదే. ఇంటి లాన్‌లో మాత్రం గోడ, కారు, కిటికీ అన్నీ తడుపుతుంది, పైగా గడ్డి కోసే మిషనుకి అడ్డంగా నిలబడుతుంది. ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్యం పథకం (ఏపీఎంఐపీ) సబ్సిడీ వస్తుందేమో అని అడిగేవాళ్ళకి: అది పొలాలకి, లాన్‌కి కాదు.

ఫిక్స్‌డ్ స్ప్రేతో లెక్క వేద్దాం. రెయిన్ బర్డ్ 1804 బాడీ (నేలలో పాతే గొట్టం) మీద 12 అడుగులు చిమ్మే నాజిల్. హెడ్డు చిమ్మే నీళ్ళు పక్క హెడ్డు మొదట్లో పడాలి, ఇది ఏ రకానికైనా తప్పని నియమం. అలా లెక్కిస్తే మన లాన్‌కి నాలుగు వరసల్లో 16 హెడ్లు. మూలల్లో పావు చక్రం నాజిల్ నిమిషానికి రెండున్నర లీటర్లు తాగుతుంది, అంచున అరచక్రం ఐదు, మధ్యలో పూర్తి చక్రం పది దాకా. అన్నీ కలిపితే నిమిషానికి 89 లీటర్లు. మామూలు ఇంటి పంపు 2 బార్లు పైన పెట్టుకుని ఇన్ని నీళ్ళు ఇవ్వదు. లాన్‌ని మూడు జోన్లు, అంటే విడివిడిగా తడిపే భాగాలు, చేయాలి, మూడు వాల్వులు కొనాలి. అంతా చేశాక ఇంకో చిక్కు: ఆ నీళ్ళు గంటకి 44 మిల్లీమీటర్ల వాన కురిసినట్టు పడతాయి. ఎర్రమట్టి కొంత తట్టుకుంటుంది. నల్లరేగడి, లేదా బిల్డరు చెత్త పోసి రోలర్ తొక్కించిన నేల అయితే ఐదారు నిమిషాల్లోనే నీళ్ళు బాట మీదికి పారుతుంటాయి. ప్రెషర్ కాస్త ఎక్కువైతే ధార పొగమంచైపోయి మే నెల గాలికి పక్కింటికి పోతుంది. స్ప్రే వాడదగిన చోటు ఒక్కటే: ఆరేడు అడుగులు మించని సన్నటి గడ్డి పట్టీలు, గేటు పక్కన ముక్కలు.

గేర్ రోటర్లు మన్నిక విషయంలో వీటన్నింటిలోకీ ముందుంటాయి. హంటర్ పీజీజే 14 నుంచి 37 అడుగులు, పీజీపీ అయితే 50 అడుగుల దాకా విసురుతాయి. వీటికి నీళ్ళు పావు చక్రంలో తిరిగినా, పూర్తి చక్రంలో తిరిగినా ఒకేలా వెళ్తాయి. అంటే ఒకే నంబరు నాజిల్ అన్నింటికీ బిగిస్తే మూలలకి మధ్య హెడ్డు కంటే నాలుగింతల నీళ్ళు పడతాయి. మూలలో నాచు, మధ్యలో ఎండిన గడ్డి. సరిచేయాలంటే మూలకి 0.75, అంచుకి 1.5, మధ్యకి 3.0 నాజిల్ పెట్టాలి. నంబరు పెరిగేకొద్దీ దూరం కూడా పెరుగుతుంది కనుక చిన్న లాన్‌లో ఈ పొత్తు కుదరదు. ఫార్మ్‌హౌస్ లాన్‌కి రోటర్ కొనండి, 144 గజాలకి వద్దు.

మన కొలతకి అతికినట్టు సరిపోయేది రోటేటర్. హంటర్ ఎంపీ రోటేటర్‌లో ఎంపీ2000 రకం 13 నుంచి 21 అడుగులు. పదకొండు మీటర్ల లాన్‌కి ఐదున్నర మీటర్ల చొప్పున మూడు వరసలు, మొత్తం తొమ్మిది హెడ్లు. ఎనిమిది నల్ల రంగువి, అవి 90 నుంచి 210 డిగ్రీల దాకా తిప్పుకోవచ్చు. మధ్యలో ఒక్కటి ఎర్రది, 360 డిగ్రీలు. మూల హెడ్డుకి నిమిషానికి లీటరున్నర, అంచుకి మూడు లీటర్లకి కాస్త తక్కువ, మధ్యదానికి ఐదున్నర. కలిపితే 23 లీటర్లు. స్ప్రేకి పట్టే 89తో పోల్చి చూడండి: ఒకే జోను, ఒకే వాల్వు, చిన్న పంపు. గంటకి పడేది 11 మిల్లీమీటర్లు, కాబట్టి నేల తాగడానికి వ్యవధి ఉంటుంది. డిగ్రీలు తగ్గించినా, దూరం తగ్గించినా లోపల నీళ్ళు కూడా ఆ మేరకే తగ్గుతాయి, నంబర్లతో కుస్తీ అక్కర్లేదు. రెయిన్ బర్డ్‌లో దీనికి జోడీ ఆర్-వాన్. అది చేత్తోనే తిప్పుకోవచ్చు, పనిముట్టు అక్కర్లేదు. కానీ గంటకి 15 మిల్లీమీటర్ల పైన పోస్తుంది, ప్రెషర్ కూడా 3.1 బార్లు అడుగుతుంది. రేగడి నేల ఉన్నవాళ్ళకి ఎంపీనే నయం.

బాడీ దగ్గర పొదుపు చేయకండి. ప్రో-స్ప్రే పీఆర్‌ఎస్40 తీసుకోండి, బూడిద రంగు మూతది. పంపు ఎంత తోసినా నాజిల్‌కి 2.8 బార్లే అందిస్తుంది. గోధుమ రంగు మూత ఉన్న పీఆర్‌ఎస్30 స్ప్రే నాజిళ్ళ కోసం, దాని 2.1 బార్లు రోటేటర్‌కి చాలవు. చెక్ వాల్వు ఉన్న రకం అయితే పంపు ఆగాక లైనులో నీళ్ళన్నీ పల్లంలో ఉన్న హెడ్డు దగ్గర కారిపోవు. ఆ ఒక్క చోటే ఎప్పుడూ బురదగా ఉందంటే కారణం అదే. ఇంకోటి: హంటర్, రెయిన్ బర్డ్ బాడీల రైజర్‌కి (పైకి లేచే లోపలి గొట్టానికి) థ్రెడ్ బయటివైపు ఉంటుంది, టోరోకి లోపల. ఎంపీ నాజిళ్ళు రెండు రకాలుగానూ వస్తాయి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ఇది చూసుకోకపోతే తొమ్మిదీ వెనక్కి పంపాల్సిందే.

రోటేటర్ లోపం కూడా చెప్పుకోవాలి. అది మన బోరు నీళ్ళకి లొంగుతుంది. నాజిల్ బొటనవేలి కొన కంటే పెద్దది కాదు. నెత్తిన స్టీలు స్క్రూ, చుట్టూ సన్నటి గాళ్ళు, అడుగున చిన్న బుట్ట లాంటి ఫిల్టరు. ఉప్పు నీళ్ళు ఆరి ఆ గాళ్ళ చుట్టూ తెల్లటి పక్కు కట్టిందంటే తల తిరగడం మానేస్తుంది, ధారలు నిలిచిన చోటే పడతాయి. వారంలో లాన్ మీద చక్రం ఆకుల్లా పచ్చటి గీతలు, వాటి మధ్య ఎండు గీతలు తేలతాయి. గుండుసూదితో పొడిస్తే గాడి పాడవుతుంది, ఇక ధార వంకరే. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో రాత్రంతా నానేస్తే పక్కు వదులుతుంది. తిరిగే భాగం విప్పి బాగుచేసేది కాదు, పోతే కొత్తది వేయడమే.

అందుకే పంపు తర్వాత డిస్క్ ఫిల్టరు పెట్టాలి, 130 మైక్రాన్లది. ముందూ వెనకా ఒక్కో ప్రెషర్ గేజీ బిగిస్తే రెండింటి మధ్య తేడా అర బార్ దాటినప్పుడు డిస్కులు కడగాలని తెలుస్తుంది. ఎస్‌టీపీ నీళ్ళు (శుద్ధి చేసిన మురుగునీళ్ళు) వాడే కమ్యూనిటీల్లో ఇది ఇంకా ముఖ్యం. ఆ నీళ్ళని తెల్లవారుజామునే కొట్టాలి, పిల్లలు లాన్‌లో ఉన్నప్పుడు కాదు. బోరు మోటారు నుంచి లైనుకి నేరుగా కలపడం మానుకోండి. కొత్త బోరైతే ఇసుక వస్తుంది, వేసవిలో నీరు తగ్గితే హెడ్లు సగం లేచి ఆగుతాయి. బోరు నీళ్ళు సంపులో పడి, తేరుకుని, అక్కడి నుంచి రావాలి.

పంపు ఎంపికకి హెడ్ లెక్క ఇలా. ఇక్కడ హెడ్ అంటే స్ప్రింక్లర్ తల కాదు, పంపు నీళ్ళని ఎంత ఎత్తుకి తోయాలో మీటర్లలో. నాజిల్ దగ్గర 28 మీటర్లు, సంపు లోతు 3, ఫిల్టరు 3, వాల్వు 3, పైపు రాపిడి 2, మొత్తం 39. దుకాణంలో "ఒక హెచ్‌పీ ఇవ్వండి" అని అడగడం కాదు, 40 మీటర్ల హెడ్ దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో అడగండి. 30 లీటర్లు ఇచ్చేది చాలు. ప్లేటు మీద పెద్దక్షరాలతో ఉండే గరిష్ఠ హెడ్, గరిష్ఠ లీటర్లు ఒకేసారి రావు, ఒకటి పెరిగితే రెండోది పడిపోతుంది. ఇదే పంపు మేడ మీద ట్యాంకుకి కూడా నీళ్ళు ఎక్కిస్తుంటే రెండు లైన్లకీ విడివిడిగా ఎన్‌ఆర్‌వీలు (నీళ్ళని ఒకే వైపు వదిలే వాల్వులు) పెట్టాలి, లేకపోతే లాన్ పైపులో బురద నీళ్ళు ఇంటి ట్యాంకు వైపు వెనక్కి లాగే ప్రమాదం ఉంది.

పైపు కొనేటప్పుడు ప్లంబర్ 6 కేజీల ప్రెషర్ తట్టుకునేది చాలంటాడు. వద్దు, 10 కేజీల యూపీవీసీ తీసుకోండి. వాల్వు మూసుకున్న క్షణంలో పంపు పూర్తి ప్రెషరూ, దాని మీద నీటి దెబ్బా పడతాయి. పైగా ఈ రేటింగులు 27 డిగ్రీలకి ఇచ్చినవి, మే నెలలో నేల పైపొర అంతకంటే వేడిగానే ఉంటుంది. మెయిన్ 32 ఎంఎం, మూడు వరసలకీ 25 ఎంఎం. 25 ఎంఎంలో ఈ ప్రవాహానికి వేగం ఎక్కడా సెకనుకి మీటరున్నర దాటదు, అదే గీటురాయి. ఒక పక్కన 11 మీటర్ల మెయిన్, దాని నుంచి ఒక్కోటి 11 మీటర్ల మూడు వరసలు. ఆరు మీటర్ల పైపులైతే 25 ఎంఎంవి ఆరు, 32 ఎంఎంవి రెండు, వీటికి తోడు పంపు నుంచి లాన్ దాకా పట్టేవి. హెడ్డు తగిలే చోట ఇత్తడి థ్రెడ్ ఉన్న టీ ఆకారపు జాయింట్లే వాడాలి. ప్లాస్టిక్ థ్రెడ్‌ని ప్లంబర్ టెఫ్లాన్ టేపు చుట్టి బలం కొద్దీ బిగిస్తే ఆరు నెలలకి చీలుతుంది.

తవ్వకానికి ముగ్గు పోసి గీతలు గీయండి, హెడ్డు చోట్ల కర్రలు పాతండి. కాలువ అడుగు లోతు, అర అడుగు వెడల్పు చాలు. కారు నడిచే చోట అడుగున్నర లోతుగా తీసి, 75 ఎంఎం పైపు తొడుగులోంచి లైను పంపాలి. అమెరికాలో ఉన్నవాళ్ళకి చలికాలం ముందు కంప్రెసరుతో లైనులో నీళ్ళు ఊదేసే పని ఉంటుంది, ఇక్కడ గడ్డకట్టే బెడద లేదు. ఇక్కడ లోతు చూసుకోవాల్సింది తోటమాలి గడ్డపార కోసం, పందికొక్కుల కోసం. పైపు కింద రెండు అంగుళాలు ఇసుక పరచాలి, రాళ్ళ మీద పడుకోబెట్టకూడదు. నల్లరేగడిలో ఇది మరీ ముఖ్యం. వేసవిలో నెర్రెలిచ్చి, వానకి ఉబ్బే నేల అది. టీ నుంచి హెడ్డుకి గట్టి పైపు నేరుగా నిలబెడితే జాయింటు విరుగుతుంది, హెడ్డు వాలుతుంది. అడుగు, అడుగున్నర పొడవు వంగే పైపుతో స్వింగ్ జాయింటు చేయించండి. మిషను చక్రం ఎక్కినా హెడ్డు దిగుతుందే తప్ప టీ చీలదు.

పైపులు అతికించే సొల్యూషన్ రాసేముందు పైపు కోసిన అంచు పొడి గీరేయాలి. మరీ ఎక్కువగా రాసిన సొల్యూషన్ ముద్ద లోపలికి జారి నాజిల్‌లో ఇరుక్కుంటుంది. జాయింట్లు ఒక రోజు ఆరాక, నాజిళ్ళు బిగించకముందే, బాడీలు మాత్రమే పెట్టి పంపు వేయండి. వరస చివరి హెడ్డు నుంచి తేటనీళ్ళు వచ్చేదాకా ఆపకూడదు. తొందరలో ఎగ్గొట్టేది ఈ పనినే, తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ దీనివల్లే. ప్రెషర్‌లో జాయింట్లు చూసుకున్నాకే మట్టి పూడ్చాలి. హెడ్డు మూత, కడియం నర్సరీల నుంచి తెచ్చిన గడ్డి మ్యాట్ పరిచాక వచ్చే మట్టానికి సమంగా ఉండాలి. ముందు మట్టి మట్టానికి పెట్టేస్తే మ్యాట్ కింద మునిగిపోతుంది. కాంపౌండు గోడకి నాలుగు అంగుళాలు ఎడం ఇవ్వండి. మెక్సికన్ గ్రాస్‌కి నాలుగు అంగుళాలు లేచే బాడీ సరిపోతుంది, ఎత్తుగా పెరిగే బఫెలో గడ్డికి ఆరు అంగుళాలది కావాలి.

ధార హద్దు సరిచేయడం నీళ్ళు వస్తుండగానే చేయాలి. ఎడమ అంచు బాడీతో పాటు తిప్పి పెట్టుకోవాలి, కుడి అంచుని ఎంపీ పనిముట్టుతో పెంచడం, తగ్గించడం. దూరంలో నాలుగో వంతు దాకా స్క్రూతో తగ్గించవచ్చు.

వాల్వు ఒక అంగుళం పీజీవీ, మూత ఉన్న పెట్టెలో, అడుగున కంకర పోసి. చీమలు, చెదలు అక్కడే కాపురం పెడతాయి కాబట్టి వైరు జాయింట్లని జెల్ నింపిన వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లతోనే మూయాలి. ఇన్సులేషన్ టేపు చుట్టి పూడిస్తే ఒక వానాకాలానికి రాగి పచ్చబడి కరెంటు ఆగుతుంది. వాల్వు తెరుచుకోకపోతే మీటరుతో సోలినాయిడ్ కొలవండి: 20 నుంచి 60 ఓములు చూపిస్తే కాయిల్ బాగానే ఉంది, వైరు వెతకాలి. మూసుకోకపోతే డయాఫ్రమ్ కింద ఇసుక రేణువు ఉన్నట్టే. నాలుగు స్క్రూలు విప్పి కడిగితే చాలు.

వేళకి వాల్వులు తెరిచి మూసే కంట్రోలర్ విషయంలో హడావుడి ఎక్కువ, అవసరం తక్కువ. ఒకే జోనుకి నాలుగు స్టేషన్ల (నాలుగు వాల్వులు నడిపే) మామూలు కంట్రోలర్ సరిపోతుంది, మిగతా మూడింట్లో ఒకటి కంచె మొక్కల డ్రిప్‌కి పోతుంది. డ్రిప్‌నీ లాన్‌నీ ఒకే వాల్వు మీద పెట్టకండి, వాటి ప్రెషర్ వేరు, సమయం వేరు. ఫోన్లోంచి నడపాలనుకుంటే హంటర్ ఎక్స్2 కంట్రోలర్‌కి వాండ్ వైఫై మాడ్యూల్, రెయిన్ బర్డ్ ఈఎస్‌పీ-టీఎం2కి ఎల్‌ఎన్‌కే వైఫై మాడ్యూల్. ఊళ్ళో ఉండనివాళ్ళకి పనికొస్తుంది, మిగతావాళ్ళకి ఆ డబ్బు ఫిల్టరు మీద పెట్టడం మేలు. పంపు కోసం కంట్రోలర్‌లో ఉండే టెర్మినల్ ఇచ్చేది 24 వోల్టుల ఏసీ సిగ్నలు మాత్రమే. మోటారుని దానికి కలిపితే కంట్రోలర్ కాలిపోతుంది. 24 వోల్టుల కాయిల్ రిలే, దాని మీదుగా కాంటాక్టరు, సంపులో ఫ్లోట్ స్విచ్, ఇవి ఎలక్ట్రీషియనే చేయాలి. ఫ్లోట్ స్విచ్ లేకపోతే సంపు ఖాళీ అయిన తెల్లవారుజామున పంపు ఒట్టిగా తిరిగి సీలు పోతుంది.

ప్రోగ్రామింగులో అందరూ పడే గొయ్యి స్టార్ట్ టైము. ఒక్కో స్టార్ట్ టైము ఒక్కో జోనుకి అనుకుని మూడు పెడతారు. కంట్రోలర్ మాత్రం ప్రోగ్రాం మొత్తాన్నీ మూడుసార్లు నడుపుతుంది. అదే గుణాన్ని రేగడి నేలలో పనికొచ్చేలా వాడుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో గడ్డికి రోజుకి సుమారు 5 మిల్లీమీటర్లు కావాలి, మన లెక్కలో 26 నిమిషాలు. నాలుగింటికి 13 నిమిషాలు, ఐదింటికి 13 నిమిషాలు పెడితే మధ్యలో నేల తాగుతుంది. చలికాలంలో సగం చాలు. వానాకాలానికి మినీ-క్లిక్ సెన్సరు పెట్టండి. 3 నుంచి 25 మిల్లీమీటర్ల మధ్య ఎంత వానకి ఆపాలో తిప్పి పెట్టుకోవచ్చు. ఆకాశం కనపడే చోట బిగించాలి, చూరు కింద కాదు.

నీళ్ళ ఖర్చు కూడా చూసుకోండి. 5 మిల్లీమీటర్లంటే ఈ లాన్‌కి రోజుకి 605 లీటర్లు, నెలకి 18 వేల పైన. హైదరాబాదులో జలమండలి ఇంటికి ఉచితంగా ఇచ్చే 20 వేల లీటర్లలో ఇంట్లోకి మిగిలేది రెండు వేలు కూడా కాదు. బోరు గానీ ఎస్‌టీపీ నీళ్ళు గానీ లేని ఇంట్లో ముందు లాన్ సైజు తగ్గించాలి, స్ప్రింక్లర్ సంగతి ఆ తర్వాత.

బిగించినవాళ్ళకి ఆఖరి వాయిదా ఇచ్చేముందు ఒక పరీక్ష పెట్టండి. నిలువు గోడల టిఫిను డబ్బాలు, అన్నీ ఒకే సైజువి, ఓ పన్నెండు లాన్ మీద అక్కడక్కడా పెట్టి గాలి లేని పొద్దున అరగంట నడపండి. స్కేలుతో లోతు కొలిస్తే ఐదున్నర మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. బాగా తక్కువ వచ్చిన మూడు డబ్బాల సగటు, మొత్తం సగటులో 70 శాతం దాటితే పని సరిగ్గా చేసినట్టు. దాటకపోతే ముందు చూడాల్సింది వాలిన హెడ్లు, తర్వాత ఫిల్టరు, ఆ తర్వాతే పంపు. బిల్లుతో పాటు రెండు నల్ల నాజిళ్ళు, ఒక డయాఫ్రమ్, ఎంపీ పనిముట్టు, మట్టి పూడ్చకముందు తీసిన పైపుల ఫోటోలు అడిగి తీసుకోండి.